ముడ్డి చుట్టూ ఎర్రదనం: స్వాబ్ ఎలా తీయాలి, ల్యాబ్‌కి ఏం చెప్పాలి

మూడు నాలుగేళ్ల పిల్లాడు దొడ్డికి వెళ్లాలంటేనే ఏడుస్తున్నాడు. మలద్వారం చుట్టూ రెండు మూడు సెంటీమీటర్ల మేర గీత గీసినట్టు ఎర్రగా ఉంది, జ్వరం మాత్రం లేదు. ఫంగస్ క్రీమ్ రాసినా, నులిపురుగుల మందు వేసినా తగ్గలేదు. అప్పుడు గ్రూప్ ఏ స్ట్రెప్టోకాకస్‌ని అనుమానించాలి. గొంతు నొప్పి తెచ్చే బ్యాక్టీరియానే ఇది. 1966లోనే వైద్య పత్రికలకెక్కిన జబ్బు, అయినా ఇప్పటికీ డైపర్ ర్యాష్ ఖాతాలో పడిపోతూ ఉంటుంది.

యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే స్వాబ్ (స్టెరైల్ దూదిపుల్లతో రుద్ది తీసే శాంపిల్) తీయాలి. క్రీమో పౌడరో రాసి ఉంటే స్టెరైల్ సెలైన్‌తో తడిపిన గాజ్‌తో ముందు తుడిచేయాలి. పిల్లాణ్ణి పక్కకు పడుకోబెట్టి, మోకాళ్లు పొట్టకు ఆనించి అమ్మ పట్టుకుంటే చాలు. చర్మం పొడిగా ఉంటే స్వాబ్ కొనను సెలైన్‌లో తడిపి, బాగా ఎర్రగా, చెమ్మగా ఉన్నచోట తిప్పుతూ రుద్దాలి. లోపలికి దూర్చొద్దు, అక్కడ దొరికేది పేగుల్లో మామూలుగా ఉండే ఈ.కోలై గుంపే. ఏమీస్ మీడియంలో (ల్యాబ్‌కి చేరేదాకా బ్యాక్టీరియా చావకుండా ఉంచే గొట్టంలో) పెట్టి అదే రోజు ల్యాబ్‌కి పంపాలి.

ఎక్కువగా దెబ్బతినేది ల్యాబ్‌కి రాసే చీటీ దగ్గరే. 'రెక్టల్ స్వాబ్, కల్చర్' అని రాస్తే ల్యాబ్‌వాళ్లు దాన్ని మలం శాంపిల్‌లా చూసి, సాల్మొనెల్లా, షిగెల్లా అనే విరేచనాల బ్యాక్టీరియాను పెంచి వెతికే ప్లేట్ల మీద వేస్తారు. అలాంటి మెకాంకీ ప్లేటు మీద స్ట్రెప్ పెరగదు, రిపోర్టు 'నార్మల్ ఫ్లోరా' (మామూలుగా ఉండే బ్యాక్టీరియానే) అని వస్తుంది. 'మలద్వారం చుట్టూ చర్మం నుంచి తీసిన స్వాబ్, బీటా హీమోలిటిక్ స్ట్రెప్ చూడండి' అని స్పష్టంగా రాయాలి. బీటా హీమోలిటిక్ అంటే చుట్టూ ఉన్న రక్తకణాలను పూర్తిగా కరిగించేది.

ల్యాబ్‌లో 5 శాతం గొర్రె రక్తం కలిపిన బ్లడ్ అగార్ ప్లేటు కావాలి. పక్కనే కొలిస్టిన్, నాలిడిక్సిక్ యాసిడ్ (పేగు బ్యాక్టీరియాను ఆపే మందులు) ఉన్న ప్లేటు ఇంకొకటి వేయాలి. లేకపోతే ప్రోటియస్ అనే పేగు బ్యాక్టీరియా ప్లేటంతా పాకేసి అసలుదాన్ని కప్పేస్తుంది. ప్లేట్లను 35-37 డిగ్రీల వేడిలో, 5 శాతం కార్బన్ డయాక్సైడ్‌లో ఉంచాలి. మర్నాడు చూసి, ఏమీ లేకపోయినా 48 గంటల దాకా పారేయకూడదు. ప్లేటును వెలుతురుకు ఎత్తి చూస్తే చిన్న బూడిదరంగు కాలనీ (బ్యాక్టీరియా చుక్క), దాని చుట్టూ కాలనీ కన్నా వెడల్పైన తేట వలయం కనిపిస్తాయి.

గొర్రె రక్తం దొరక్క బ్లడ్ బ్యాంకు రక్తం వాడే చోట ఒక చిక్కుంది. మనిషి రక్తం మీద కొన్ని ఎంటరోకాకస్‌లు (పేగుల్లో ఉండే వేరే బ్యాక్టీరియా) కూడా బీటా హీమోలిసిస్ చూపిస్తాయి, పైగా గ్రూప్ ఏ స్ట్రెప్‌ని గుర్తించడానికి వాడే పీవైఆర్ అనే పరీక్ష వాటికీ పాజిటివే. అందుకే పీవైఆర్ ఒక్కదాన్నే నమ్మి రిపోర్టు ఇవ్వకూడదు, స్ట్రెప్ ఏ గ్రూపుదో తేల్చే లేటెక్స్ గ్రూపింగ్ కూడా చేయాలి. స్టాఫ్ ఆరియస్ (చర్మం మీద చీము పుండ్లు తెచ్చే బ్యాక్టీరియా) పెరిగితే అదీ రాయాలి, ఇలాంటి ఎర్రదనం దానివల్లా వస్తుంది.

ఏఎస్ఓ (స్ట్రెప్ మీద ఒంట్లో పుట్టే యాంటీబాడీని కొలిచే) రక్తపరీక్షకు డబ్బు దండగ. చర్మం మీది స్ట్రెప్‌కి అది సరిగా పెరగదు, పెరిగినా పాత గొంతు నొప్పిదై ఉండొచ్చు. ఈ స్ట్రెప్‌కి పెనిసిలిన్ పనిచేస్తుంది కాబట్టి సెన్సిటివిటీలో (ఏ మందు పనిచేస్తుందో చూసే పరీక్షలో) చూడాల్సింది ఎరిత్రోమైసిన్, క్లిండామైసిన్, అదీ పెనిసిలిన్ పడని పిల్లలకు. కోర్సు అయ్యాక మళ్లీ ఎర్రబడితే మళ్లీ స్వాబ్ తీయాలి, ఈసారి పిల్లాడి గొంతు నుంచి కూడా. ఇంట్లో తోబుట్టువులకు గొంతు నొప్పో, ఇలాంటి ఎర్రదనమో ఉంటే వాళ్లకూ తీయాలి.