రాఖీ పున్నమి రాత్రి, ఆ తర్వాత నా ఆట

ఆ డ్యూటీ డాక్టర్ అన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "ఒణ్ణుం ఇల్లమ్మా (ఏం లేదమ్మా). ఇంత పొడుగు మనిషివి, పది రోజులు మంచం మీద ఉంటే పిక్క పట్టేయదా?" నవ్వుతూ అన్నాడు. నా మోకాలి బ్రేస్ విప్పలేదు. రెండు పిక్కలూ పక్కపక్కన పెట్టి చూడలేదు. నొప్పికి జెల్ రాసిచ్చి పంపేశాడు. అది 2024 ఆగస్టు 18, ఆదివారం. మరుసటి రోజు రాఖీ పున్నమి. ఆ రాత్రి నేను బతుకుతానని మా ఇంట్లో ఎవరూ అనుకోలేదు.

ఇన్నాళ్లూ దీని గురించి రాయాలంటే చేతులు వణికేవి. ఇప్పుడు మళ్లీ బాస్కెట్‌బాల్ ఆడుతున్నాను. మునుపటికంటే బాగా ఆడుతున్నాను. అందుకే రాయగలుగుతున్నాను.

మాది సూళ్లూరుపేట. నాన్న ఉద్యోగం కోసం చెన్నై వచ్చి పెరంబూరులో స్థిరపడ్డాం. నా ఎత్తు 6 అడుగుల 1 అంగుళం. తొమ్మిదో క్లాసులో పీటీ మాస్టారు నన్ను చూసి, పేరు కూడా అడక్కుండా రింగు కింద నిలబెట్టారు. అప్పటినుంచీ బాస్కెట్‌బాల్‌లో సెంటర్‌నే, అంటే రింగు దగ్గర ఆడే పొడుగు ప్లేయర్‌నే. కేరళ నుంచి వచ్చి ఇక్కడ దక్షిణ రైల్వేకి ఆడిన గీతూ అన్నా జోస్ మా అందరికీ దేవత. 2011లో ఆమె అమెరికా వెళ్లి అక్కడి మహిళల ప్రొఫెషనల్ లీగ్ డబ్ల్యూఎన్‌బీఏ ట్రయల్స్‌లో ఆడొచ్చిందని మాస్టారు చెప్పినప్పుడు, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆమెలాగే ఆటతో ఉద్యోగం తెచ్చుకోవాలనుకున్నాను. స్పోర్ట్స్ కోటాలో తెచ్చుకున్నాను కూడా.

2024 జూన్‌లో ఒక లీగ్ మ్యాచ్‌లో రీబౌండ్‌కి, అంటే రింగులో పడకుండా తిరిగొచ్చే బంతి కోసం, ఎగిరి దిగుతుంటే ఎడమ మోకాలు లోపలికి తిరిగింది. టప్‌మని శబ్దం నాకే వినిపించింది. ఎమ్మారై తీస్తే మోకాలి లోపలి ఏసీఎల్ అనే లిగమెంట్ పూర్తిగా తెగిందని, మెనిస్కస్ అనే మెత్తటి ఎముక కూడా చిరిగిందని తేలింది. ఆగస్టు 6న ఆపరేషన్. తొడ వెనక నుంచి టెండన్ (కండరాన్ని ఎముకకి కలిపే తాడులాంటిది) తీసి కొత్త లిగమెంట్ కట్టారు, మెనిస్కస్‌కి కుట్లు వేశారు. నాలుగు వారాలు ఆ కాలు నేల మీద మోపొద్దన్నారు. ఇదంతా ఆటగాళ్లకు మామూలే, దీని గురించి ఎక్కువ చెప్పను.

అసలు సంగతి 16వ తేదీ, వరలక్ష్మీ వ్రతం దగ్గర మొదలైంది. ఆ శుక్రవారం చుట్టూ నాకు డేట్ రావాలి. నెల్లూరు నుంచి పిన్ని సాయానికి వచ్చింది. ఇంట్లో కలశం పెట్టేటప్పుడు పిల్ల మూలన కూర్చుంటే బాగోదు, అసలే కాలు విరిగి పడుకుంది, అమ్మవారి దయ కావాలి అంది. మెడికల్ షాపులో చీటీ లేకుండానే పీరియడ్స్ వాయిదా వేసే మాత్రలు తెచ్చింది. "రోజుకు మూడు వేసుకో తల్లీ, ఏం కాదు, మేమంతా వేసుకున్నవే" అంది. ప్రేమతోనే అంది. నేనూ వేసుకున్నాను. టోర్నమెంట్లప్పుడు మా టీమ్ అమ్మాయిలు వేసుకోవడం చూసినదాన్నే కదా. ఎవరిని అనను?

శనివారం సాయంత్రం ఎడమ పిక్కలో లాగుతున్నట్టు నొప్పి. ఆదివారానికి చర్మం బిగిసి వెచ్చగా అయింది. ఆపరేషన్ చేసిన చోటికే క్యాజువాలిటీకి వెళ్తే ఆ డాక్టర్ ఆ మాట అన్నాడు. ఏవైనా మందులు వాడుతున్నావా అని అడిగి ఉంటే చాలు. ఒక్క ప్రశ్న.

సోమవారం తమ్ముడికి మంచం మీదే కూర్చుని రాఖీ కట్టాను. రాత్రి ఒంటిగంటకి మెలకువ వచ్చింది. ఛాతీకి కుడి పక్కన, ఊపిరి పీల్చినప్పుడల్లా కత్తి దిగుతోంది. లేచి కూర్చుంటే గాలి చాలడం లేదు. నిండు పున్నమి వెలుగు కిటికీలోంచి బ్రేస్ మీద పడుతోంది. ఆ ఇనుప పట్టీలు మెరవడం చూస్తూ, నేను ఇక్కడే పోతాను అనుకున్నాను. గట్టిగా పిలవడానికి ఊపిరి లేక, పక్కనున్న స్టీలు గ్లాసు నేల మీదికి తోశాను. ఆ చప్పుడుకి అమ్మ లేచింది.

మాది రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు. తమ్ముడు, కింది ఇంటి తమిళ కుర్రాళ్లిద్దరు కలిసి నన్ను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి దించారు. మెట్ల మలుపులో నా కాలు గోడకి తగిలినప్పుడల్లా తమ్ముడు "సారీ అక్కా, సారీ అక్కా" అంటూ ఏడ్చాడు. ఎదురింటి పాటి (తమిళ బామ్మ) గుమ్మంలో నిలబడి మురుగా మురుగా అంటోంది. 108 స్ట్రెచర్ నాకు చాలలేదు. పాదాలు బయటికి ఉంటే అమ్మ వాటిని దారంతా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. వేలికి క్లిప్పు పెడితే ఆక్సిజన్ 86 చూపించింది. ఆ అంకె నా మనసులోంచి ఇక పోదు.

ఈసారి వేరే ఆసుపత్రికి తీసుకెళ్లారు. నైట్ డ్యూటీలో ఒక లేడీ డాక్టర్ ఉంది, నాకంటే చిన్నదేమో. వస్తూనే బ్రేస్ విప్పింది, రెండు పిక్కలకీ టేపు పెట్టి కొలిచింది. ఎడమది 4 సెంటీమీటర్లు లావుంది. వెంటనే అడిగింది: "హార్మోన్ మాత్రలు ఏవైనా వేసుకున్నారా?" నేను మాస్కు లోంచి జవాబు చెప్పలేకపోయాను. తలుపు దగ్గర పిన్ని ఉంది. ఆమె మొహం నేను చూశాను. "నేనే ఇచ్చానమ్మా" అంది. అంతే, అక్కడే కింద కూర్చుండిపోయింది.

కాలి లోపలి సిరలో రక్తం గడ్డకట్టి, అందులో ముక్క తెగి ఊపిరితిత్తుల్లోకి వెళ్లిందని స్కాన్‌లో తేలింది. ఆపరేషన్, కదలకుండా పడుకోవడం, ఆ మాత్రలు మూడూ కలిశాయని ఆ డాక్టర్ చెప్పింది. ఏ ఒక్కదాన్నో తప్పుపట్టలేం అంది. నా వైపు తిరిగి, పిన్నికి వినబడేలా అంది. ఆ మాటకు నేను ఆమెకి జీవితాంతం రుణపడి ఉంటాను.

పొట్టలో ఇంజెక్షన్లు, తర్వాత రక్తం పలచబడే మాత్రలు మూడు నెలలు. ఆ మూడు నెలలూ దెబ్బ తగిలే ఆట ఏదీ ఆడకూడదు, తల మీద దెబ్బ తగిలితే లోపల రక్తం ఆగదు. ఆసుపత్రి మంచం మీద పడుకుని ఫోన్‌లో వెతికాను. అదే నేను చేసిన పొరపాటు. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో మియామీకి ఆడిన క్రిస్ బోష్ కథ దొరికింది. 2015 ఫిబ్రవరిలో ఊపిరితిత్తుల్లో క్లాట్లు (రక్తపు గడ్డలు), తిరిగొచ్చాక మరుసటి ఏడాది మళ్లీ, దాంతో ఆట ముగిసింది. రాత్రంతా వణికిపోయాను. పొద్దున డాక్టరే కూర్చుని వివరించింది. కారణం తెలిసిన క్లాట్ వేరు, కారణం లేకుండా వచ్చేది వేరు. మీకు కారణం ఉంది, ఆ కారణం పోయింది, మూడు నెలల తర్వాత మళ్లీ చూద్దాం అంది. ఆమె పేరు ఇక్కడ రాయడం లేదు, అడక్కుండా రాయడం బాగోదని. ఆమె చదివితే తనకే తెలుస్తుంది.

మా ఆఫీసులో ఒక పెద్దమనిషి మా నాన్నకి ఫోన్ చేసి, "ఆడలేని పిల్లకి కోటా సీటెందుకండీ" అన్నాడు. నాన్న ఆ సంగతి నాకు ఆరు నెలలు చెప్పలేదు. తెలిసినప్పుడు నాకు కోపం కాదు, నాన్న ఆ మాట ఒంటరిగా మోసినందుకు దుఃఖం వచ్చింది. కోపం తర్వాత వచ్చింది. ఇంకా ఉంది.

ఒంట్లో ఆ రక్తం పలచబడే మాత్రలున్నన్నాళ్లూ కోర్టుకి వెళ్లడానికి ఒప్పుకున్నారు గానీ, ఒంటరిగా, ఎవరూ తగలకుండా. మా కోచ్ సార్ ఫ్రీ త్రో (ఎవరూ అడ్డుకోకుండా వేసే షాట్) గీత ముందు ఒక కుర్చీ వేశారు. కూర్చుని షాట్ వేయడం. కాళ్ల బలం లేకుండా బంతి రింగు దాకా వెళ్లాలంటే మోచేయి నిటారుగా ఉండాలి, మణికట్టు చివరిదాకా వంగాలి. పదేళ్లుగా నేను చేస్తున్న తప్పు ఆ కుర్చీలో మొదటిసారి కనబడింది, నా మోచేయి పక్కకి పోయేది. తమ్ముడు రోజూ ఆఫీసు నుంచి తిరిగొచ్చి, రింగు కింద నిలబడి బంతులు అందించేవాడు.

2025 ఫిబ్రవరిలో ఒక ఉదయం సార్ ఒక వార్త పంపారు. ఎన్‌బీఏలో శాన్ ఆంటోనియో జట్టు సెంటర్ వెంబన్యామాకి కుడి భుజంలో క్లాట్, ఆ సీజన్‌లో ఇక ఆడడు. అప్పటికి అతనికి 21 ఏళ్లు. చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. ఎక్కడి అతను, ఎక్కడి నేను. కానీ ఆ రోజునుంచి దేవుడి ముందు దీపం పెట్టేటప్పుడు అతని పేరు కూడా అనుకునేదాన్ని. అక్టోబరులో అతను తిరిగొచ్చి, కొత్త సీజన్ మొదటి మ్యాచ్‌లోనే 40 పాయింట్లు, 15 రీబౌండ్లు. పొద్దున్నే ఫోన్‌లో చూస్తూ అమ్మని కేకేసి పిలిచాను. అమ్మకి ఆట తెలియదు. "ఆ పిల్లాడికీ నయమైందా" అని కళ్లు తుడుచుకుంది.

నేను అంతకు ముందే, జూలైలో తిరిగొచ్చాను. ఏసీఎల్‌కి తొమ్మిది నెలలు చాలంటారు. క్లాట్ వల్ల నాకు పదకొండు పట్టింది. మొదటి మ్యాచ్‌లో 8 నిమిషాలే ఆడించారు.

ఇంతకు ముందు నా ఆటంతా ఎత్తు మీద, ఎగరడం మీద నడిచేది. రింగుకి వీపు పెట్టి చేయెత్తితే బంతి వచ్చేది, అందరి మీంచి వేసేదాన్ని. ఇప్పుడు మోకాలు ఎగిరే ముందు ఒక్క క్షణం ఆలోచిస్తుంది. ఆ క్షణం ఆటలో చాలా ఎక్కువ. అందుకని ముందే కదలడం నేర్చుకున్నాను. సార్ పక్కన బెంచీ మీద నెలల తరబడి కూర్చుని ఒకటి గమనించాను. కోర్టు మూల నుంచి వేసిన షాట్ తప్పితే బంతి ఎక్కువసార్లు అవతలి వైపుకే పడుతుంది. ఆట మధ్యలో ఉన్నప్పుడు నాకది తెలిసినా కనబడేది కాదు. ఇప్పుడు షాట్ చేతిలోంచి వదలగానే అటు వెళ్లి, ప్రత్యర్థి సెంటర్‌ని నడుముతో వెనక్కి నెట్టి నిలబడతాను. ఎగరకుండానే రీబౌండ్ నా చేతుల్లోకి వస్తుంది.

ఇంకొకటి పాసింగ్. మంచం మీద ఉన్నప్పుడు ఎన్‌బీఏ సెంటర్ జోకిచ్ వీడియోలు గంటలకొద్దీ చూశాను. అంత పెద్ద ఆటగాడు, పెద్దగా ఎగరనే ఎగరడు. ఫ్రీ త్రో గీత దగ్గర బంతి పట్టుకుని, అటూ ఇటూ పరుగెత్తే వాళ్లకి అందిస్తాడు. మా జట్టులో గార్డులు చిన్న పిల్లలు, వేగంగా ఉంటారు. మూడో మ్యాచ్‌లో నావి 6 అసిస్టులు, అంటే నేనిచ్చిన పాస్‌తో ఆరుసార్లు బాస్కెట్ పడింది. అంతకు ముందు ఒక మ్యాచ్‌లో రెండు దాటిన గుర్తు లేదు. చివరి నిమిషంలో రెండు ఫ్రీ త్రోలు వచ్చాయి. కుర్చీ గుర్తొచ్చింది. రెండూ పడ్డాయి.

చదివే అమ్మాయిలకి, వాళ్ల అమ్మలకి ఒక మాట. కాలికి ఆపరేషన్ అయ్యాక ఒక పిక్క వాచి, వెచ్చగా, నొప్పిగా ఉంటే అది పట్టేసింది అని ఎవరన్నా ఒప్పుకోకండి. సిరల్లో గడ్డ ఉందేమో చూసే డాప్లర్ స్కాన్ చేయమనండి. ఊపిరి ఆడకపోతే తెల్లారేదాకా ఆగకండి. ఏ మాత్ర వేసుకున్నా, పూజ కోసమైనా సరే, డాక్టర్ అడక్కపోయినా మీరే చెప్పండి. ఆ ఆదివారం నేను చెప్పలేదు. సిగ్గేసింది.

2025లో వ్రతం ఆగస్టు 8న వచ్చింది. సరిగ్గా ఆ ఉదయమే నాకు డేట్ వచ్చింది. నేను గదిలోనే ఉండిపోయాను. హాల్లో అమ్మ పూజ చేస్తోంది, పేరంటాళ్ల గాజుల చప్పుడు వినబడుతోంది. పిన్ని కూడా నెల్లూరు నుంచి వచ్చింది. ఆ మాత్రల గురించి మేమిద్దరం ఆసుపత్రి తర్వాత ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. పూజ అయ్యాక తలుపు తీసుకుని లోపలికి వచ్చింది. చేతిలో తొమ్మిది పోగుల తోరం. నా చెయ్యి తన ఒళ్లోకి తీసుకుని, ముడి వేస్తూ, "ఎల్లుండి మ్యాచ్ ఎన్నింటికి?" అని అడిగింది.