ట్యాంకు మీద 19 డిగ్రీలు

ఇక్కడి డైరీ ఫామ్‌లో చేరిన మూడో నెలలో, ఓ సాయంత్రం పాలు పితికాక పాల ట్యాంకు కూలర్ ఆన్ చేయడం మర్చిపోయాను. పొద్దున పితికిన చల్లటి పాల మీద ఈ వెచ్చటి పాలు పడి, తెల్లవారుజామున చూసేసరికి మీటరు 19 డిగ్రీలు చూపిస్తోంది. మూత తీసి వాసన చూశాను. పాలవాసనే.

"మరిగిస్తే క్రిములన్నీ చస్తాయి కదా?" అన్నాను, ఇక్కడి భాషలో నాకొచ్చిన నాలుగు ముక్కల్లో.

"అవి చస్తాయి. వదిలిన విషం చావదు" అని సూపర్‌వైజర్ వాల్వు తిప్పేశాడు. రెండు పూటల పాలు పేడగుంటలోకి పోతుంటే పక్కనే నిలబడ్డాను. తిట్టినా బాగుండేది.

ఆయన చెప్పింది నిజమే. స్టెఫిలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా పాలలో బాగా పెరిగితే, అది వదిలే విషం మరిగించినా పోదు. పొదుగు నుంచి వచ్చేటప్పుడు పాలు 37, 38 డిగ్రీలుంటాయి. ఆ వెచ్చదనంలో కొన్ని బ్యాక్టీరియా అరగంటలోపే రెట్టింపవుతాయి. అందుకే 2 గంటల్లో 4 డిగ్రీలకు దించమంటారు. చల్లటి పాలలో కొత్తవి కలిపినా 10 దాటకూడదు. అలాగని చలి వాటిని చంపదు, నెమ్మదింపజేస్తుంది, అంతే. లిస్టీరియా అనే బ్యాక్టీరియా అయితే ఫ్రిజ్‌లోనూ పెరుగుతుంది. దాన్ని చంపాలంటే పాశ్చరైజేషనే: పాలను 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు ఉంచడం.

ఆ తర్వాత కూలర్ ఎప్పుడూ మర్చిపోలేదు. అయినా శాంపిల్ రిపోర్టుల్లో బ్యాక్టీరియా కౌంటు దిగలేదు. చన్నులు మందులో ముంచుతున్నాం, ఒక్కో ఆవుకి ఒక్కో గుడ్డ వాడుతున్నాం, మొదటి ధారలు విడిగా పిండి, పాలలో గడ్డలున్నాయేమో చూస్తున్నాం. ఇంకెక్కడ?

చివరికి పాలు వెళ్లే పైపు వంపు దగ్గర జాయింటు విప్పి, రబ్బరు గ్యాస్కెట్టు మీద టార్చి వేశాను. సన్నటి పగులు. గోటితో గీస్తే పసుపుపచ్చటి జిగురు వచ్చింది. బ్యాక్టీరియా దాక్కున్నది ఇక్కడే. దాని కింద గరుకుగా తెల్లటి పొర. దీన్ని మిల్క్ స్టోన్ అంటారు (పాలరాయి అందామంటే మనకది వేరే రాయి). తప్పు ఎక్కడంటే, త్వరగా పనైపోతుందని మొదటే మరిగే నీళ్లు వదిలేవాళ్లం. దాంతో పాలలోని ప్రొటీన్ పైపుకి అతుక్కుపోయేది. ముందు గోరువెచ్చటి నీళ్లు, తర్వాత వేడి క్షారం, ఆ తెల్లటి పొర పోవడానికి యాసిడ్. ఈ వరస తప్పకూడదు.

గ్యాస్కెట్టు మార్చి, కడిగే వరస సరిచేశాక కౌంటు దిగింది. ఇప్పుడు నెలకోసారి ఆ వంపులన్నీ నేనే విప్పుతాను. ఎవరూ చెప్పలేదు. వేరేవాళ్లు విప్పితే మాత్రం నాకు టెన్షన్.