వారసత్వంగా వచ్చిన వెండి పూత సామానుకు విలువ కట్టిన అనుభవం

మా పెదనాన్నగారి తదనంతరం పంపకాల్లో నా వాటాకు కొంత విదేశీ సామాను వచ్చింది. ఒక టీపాట్, దానికి జతగా పాలపాత్ర, చక్కెర గిన్నె, ఒక పెద్ద ట్రే, చెక్కపెట్టెలో అమర్చిన చెంచాలు, ఫోర్కులు, కత్తులు అందులో ఉన్నాయి. ఇంట్లో అందరూ వాటిని వెండి సామాను అనే పిలిచేవారు. పంపకాల పత్రంలో ఒక్కొక్క వస్తువు ఎదుట విలువ రాయవలసి ఉన్నందున, అవి దేనితో చేసినవో, ఎవరు చేసినవో, ఏ కాలానివో తేల్చే బాధ్యత నేను తీసుకున్నాను.

అయస్కాంతం పెట్టి చూడమని చాలామంది చెప్పారు కానీ, ఆ పరీక్ష ఇటువంటి సామాను విషయంలో అంతగా అక్కరకు రాదు. పూత సామానులో ఎక్కువ భాగం మనం జర్మన్ సిల్వర్ అని పిలిచే లోహంతో చేస్తారు. అది రాగి, నికెల్, జింకు కలిసిన మిశ్రమం. అందులో వెండి ఉండదు, అయస్కాంతానికీ సాధారణంగా అంటుకోదు. యాసిడ్ పరీక్షకైతే వస్తువు మీద గీత పెట్టాలి. అందుకు నా మనసు ఒప్పుకోలేదు. ఇక మిగిలినవి అడుగున ఉన్న ముద్రలే కనుక, ఒక మంచి భూతద్దం తీసుకుని, పగటి వెలుతురులో, వస్తువును కొద్దికొద్దిగా వంచుతూ చదివాను.

టీపాట్ అడుగున చిన్న చిన్న గళ్ళలో వరుసగా నాలుగు అక్షరాలు కనిపించాయి: ఈ, పి, ఎన్, ఎస్. నికెల్ సిల్వర్ మీద విద్యుత్తుతో వేసిన వెండి పూత అని వాటి భావం. ఇంగ్లండులో తయారైన అసలు వెండికైతే నడుస్తున్న సింహం ముద్ర ఉంటుంది. దాని పక్కన పరీక్ష జరిగిన ఊరి గుర్తు ఉంటుంది. లండనుకు చిరుతపులి తల, బర్మింగ్‌హామ్‌కు లంగరు, షెఫీల్డుకు 1974 వరకు కిరీటం. పూత వేసేవారు తమ అక్షరాలను కూడా అదే తీరులో, అదే వరుసలో కొట్టడం యాదృచ్ఛికమని నేను అనుకోను. దూరం నుంచి చూసినవారు వెండి అనుకుంటే పూత వేసేవారికి నష్టమేమీ లేదు కదా.

ఆ అక్షరాల పక్కన చిన్న జెండాలో ఉన్న పొడి అక్షరాలను బట్టి, అది షెఫీల్డుకు చెందిన వాకర్ అండ్ హాల్ సంస్థ తయారీ అని తెలిసింది. వజ్రాకారంలో ఉన్న మరో ముద్ర కాలాన్ని చెప్పింది. నమూనాను ప్రభుత్వం వద్ద నమోదు చేసినందుకు 1842 నుంచి 1883 వరకు ఇంగ్లండులో ఆ గుర్తు వేసేవారు. సంవత్సరాన్ని సూచించే అక్షరం మొదట్లో పై మూలన ఉండేది, 1868 నుంచి కుడి మూలకు మారింది. నా టీపాట్ మీద అది కుడివైపే ఉంది. అయితే ఆ ముద్ర చెప్పేది నమూనా నమోదైన కాలాన్నే. వస్తువు కొన్నేళ్ళ తరువాత తయారై ఉండవచ్చు.

చెంచాల వెనుక డబ్ల్యూ.ఎం.ఎఫ్. అనే జర్మన్ సంస్థ అక్షరాలు, 90 అనే అంకె ఉన్నాయి. మా బంధువు ఒకాయన ఆ అంకెను చూసి నూటికి తొంభై పాళ్ళు వెండి అని వాదించారు. జర్మనీలో వెండి స్వచ్ఛతను 800, 835 వంటి అంకెలతో వెయ్యి పాళ్ళకు లెక్కగా చెబుతారు. ఇక్కడి 90 మాత్రం, పన్నెండు భోజనపు చెంచాలు, పన్నెండు ఫోర్కులు కలిపి ఇరవై నాలుగింటి మీద పరిచిన వెండి తూకం తొంభై గ్రాములని చెబుతుంది. అంటే ఒక్కొక్క దాని మీద నాలుగు గ్రాములైనా లేదు. కరిగించి వెండి తీయాలనే మాట అక్కడితో ఆగిపోయింది.

ట్రే మీద ఎంత వెతికినా ఏ ముద్రా లేదు. అంచుల దగ్గర పూత అరిగి రాగి ఎర్రగా బయటపడింది. అందుకే దాన్ని అందరూ తక్కువగా చూశారు. నాకు మాత్రం అన్నిటికంటే అదే ఆసక్తికరంగా తోచింది. విద్యుత్ పూతకు ఎల్కింగ్టన్ సంస్థ 1840లో పేటెంట్ పొందింది. అంతకు దాదాపు వందేళ్ళ ముందే షెఫీల్డులో థామస్ బోల్సోవర్ రాగి దిమ్మకు వెండి రేకును వేడితో అతికించి, ఆ రెంటినీ కలిపి రేకుగా సాగదీసే పద్ధతి కనిపెట్టాడు. అటువంటి రేకును కత్తిరిస్తే అంచున రాగి గీత కనిపిస్తుంది కనుక, పైనున్న వెండిని కిందికి మడిచి దాన్ని కప్పేవారు. ట్రే అంచు కింద గోటితో తడిమితే ఆ మడత తగిలింది. మధ్యలో వంశచిహ్నం చెక్కిన చోట నోటితో ఆవిరి పట్టగా, చుట్టూ ఒక గీత లీలగా కనిపించింది. చెక్కేటప్పుడు రాగి బయటపడకుండా అక్కడ విడిగా వెండి ముక్కను అతికేవారు. పాత షెఫీల్డు పూతలో ముద్ర లేకపోవడం సాధారణమే.

ముద్రల ఫొటోలు, నా గమనికలు తీసుకుని పాత వస్తువుల మదింపుదారు వద్దకు వెళ్ళాను. ట్రే విషయంలో నా నిర్ణయాన్ని ఆయన సమర్థించి, కొత్త పూత మాత్రం వేయించవద్దని గట్టిగా చెప్పారు. వేయిస్తే పాత పనితనపు ఆనవాళ్ళన్నీ దాని కింద కప్పబడిపోయి, ధర పడిపోతుందట. బీమాకు రాసే విలువ, వేలంలో పలికే ధర, వర్తకుడు వెంటనే చేతిలో పెట్టే సొమ్ము మూడూ వేర్వేరని, పంపకాలకు వేలం ధరే న్యాయమని నాకు అనిపించింది. అమ్మేవారు అడుగుతున్న ధరలను పక్కనపెట్టి, నిజంగా అమ్ముడైన వాటి ధరలనే ఆధారంగా తీసుకున్నాను. ట్రే విలువ టీ సెట్టును మించింది. చెంచాల పెట్టె మా చెల్లెలు కోరి తీసుకుంది. కత్తుల పిడులు లోపల గుల్లగా ఉండి, లక్క వంటి పదార్థంతో నింపి ఉన్నాయని, వాటిని వేడినీళ్ళలో నానబెట్టవద్దని చీటీ రాసి అందులో పెట్టాను.