మణికట్టు మీద మూడు వేళ్ళు

బాబుకు మొన్ననే ఏడాది నిండింది. ఆ రాత్రి గురించి రాసే ధైర్యం ఇప్పటికి వచ్చింది.

కరీంనగర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి. ఉమ్మనీరు తగ్గిందన్నారు, సంతకం పెట్టించుకున్నారు, వెన్నులో సూది ఇచ్చారు. కాసేపటికి బాబు ఏడుపు వినిపించింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మా తెలంగాణలో నూటికి అరవై కాన్పులు ఆపరేషన్లే. ఇంత మందికి జరిగేదే కదా అని నేనూ టెన్షన్ పడలేదు.

సాయంత్రం వికారం మొదలైంది. ముందురోజు రాత్రి నుంచి ఏమీ తినలేదు, అయినా పసరు కక్కుతూనే ఉన్నాను. అప్పటికి మత్తు దిగిపోయింది. వాంతి వచ్చిన ప్రతిసారీ కుట్లు తెగిపోతున్నాయేమో అనిపించేది. అమ్మ దిండు తెచ్చి పొట్ట మీద అదిమి పట్టుకునేది. పాలివ్వడానికి కొంచెం పక్కకు తిరిగినా కడుపులో తిప్పేది. చివరికి బాబును అత్తమ్మ చేతుల్లో పెట్టేశాను. వాడు ఆకలికి ఏడుస్తుంటే నేను పళ్ళెం పట్టుకుని కూర్చున్నాను.

పదింటికి డ్యూటీ డాక్టర్ వచ్చాడు. "అందరూ కంటున్నారు కదమ్మా, నువ్వొక్కదానివే ఇంత గోల చేస్తావేంటి?" అని వెళ్ళిపోయాడు. కనీసం బీపీ చూడలేదు. ఆ మాటను నేను క్షమించలేదు. ఆపరేషన్ చేసిన డాక్టరమ్మ మీద మాత్రం నాకు ఏ కోపమూ లేదు, చల్లగా ఉండాలి.

అర్ధరాత్రి దాటాక అమ్మ వేములవాడ రాజన్నకు కోడె మొక్కుకుంది. కాసేపటికి నైట్ సిస్టర్ వచ్చింది. ముందు బీపీ చూసింది. డాక్టరమ్మకు ఫోన్ చేసి అడిగి, వాంతుల ఇంజెక్షన్ ఇచ్చింది. తర్వాత నా పక్కనే కూర్చుని, అరచేయి కింది మడత నుంచి మూడు వేళ్ళ వెడల్పు పైకి కొలిచి, రెండు నరాల మధ్య బొటనవేలితో ఒత్తసాగింది. అమ్మ నిమ్మకాయ కోసి ముక్కు దగ్గర పెట్టింది.

"బస్సెక్కితే వాంతులవుతాయా బిడ్డా?" అని అడిగింది సిస్టర్.

అవుతాయి. శ్రీశైలం ఘాట్ రోడ్డు ఎక్కిన ప్రతిసారీ అయ్యాయి. "ఆ మాట మత్తు డాక్టర్‌కు ముందే చెప్పాలి. అట్లాంటోళ్ళకు ఇవి ఎక్కువ" అంది. నా ఫైల్లో మా ఆయన ఆధార్ నంబరు కూడా ఉంది, ఈ ఒక్క ప్రశ్న లేదు.

తెల్లవారేసరికి నిద్రపట్టింది. ఇంజెక్షన్ పనిచేసిందా, ఆమె చేయి పనిచేసిందా, రాజన్న దయా అంటే నేను మూడింటికీ దండం పెడతాను. తర్వాత చదివితే తెలిసింది, మణికట్టు దగ్గరి ఆ చోటును ఆక్యుపంక్చర్‌లో పి6 అంటారట. ఆపరేషన్ తర్వాతి వాంతులపై 59 పరిశోధనలను కలిపి చూసిన 2015 నాటి కాక్రేన్ అనే అంతర్జాతీయ వైద్య సంస్థ సమీక్షలో, అక్కడ ఒత్తడం లాంటివాటికీ వాంతుల మందులకూ పెద్ద తేడా కనిపించలేదు. అత్తమ్మ నమ్మే అల్లం విషయం మాత్రం సిజేరియన్లలో అంత గట్టిగా తేలలేదు. డాక్టరమ్మ సరేనన్నాక అత్తమ్మ ఇచ్చిన శొంఠి కషాయం నాకు హాయిగానే అనిపించింది.

కానీ వాంతులు ఆగకపోయినా, కళ్ళు తిరిగినా, పొట్ట ఉబ్బినా ఒత్తుకుంటూ కూర్చోకండి. ఎవరు విసుక్కున్నా సరే, బీపీ చూడమని, ఇంజెక్షన్ ఇవ్వమని అడగండి.

మా చెల్లికి వచ్చే నెల డేట్ ఇచ్చారు. తనకూ బస్సు పడదు. ఆ సంగతి తన ఫైల్ మొదటి పేజీలో ఎర్ర పెన్నుతో నేనే రాశాను.