చికెన్ తినని ఇంట్లో చికెన్ పాట

డిసెంబర్, గురువారం

ఇవాళ పొద్దున్నంతా ఇల్లు కదలలేదు. అపార్టుమెంటులో పొగ వస్తే మోగే గంటల తనిఖీ ఉందని, తొమ్మిదికీ పన్నెండుకీ మధ్య మనిషి వస్తాడని లిఫ్టు పక్కన కాగితం అంటించారు. అతని పని రెండు నిమిషాలు. పొడవాటి కర్ర చివర గిన్నెలాంటిది తగిలించి పైకప్పుకున్న పరికరానికి ఆనిస్తాడు, గంట మోగితే సంతకం పెట్టించుకుని వెళ్లిపోతాడు. దానికోసం మూడు గంటల కాపలా. మావారు ఆఫీసుకు, పాప బడికి వెళ్లాక, తోడుగా టీవీ పెట్టుకుని పాలకూర బాగుచేస్తూ కూర్చున్నాను.

పొద్దుటి కార్యక్రమాల్లో వాళ్లు మాట్లాడే వేగానికి నా జపనీస్ చాలదు. ప్రకటనలకు ఆ బాధ లేదు. ఇక్కడ టీవీ ప్రకటన చాలావరకు పదిహేను సెకన్లే. అంతలోనే ఒక తార, ఒక పాట, ఒక తిండి వచ్చి వెళ్లిపోతాయి. అలా ఒకదాని వెనుక ఒకటి పోతుండగా వచ్చింది, కేఎఫ్‌సీ క్రిస్మస్ పాట. ఈ ఏడాది నేను వినడం ఇదే మొదలు. చేతిలో పాలకూర కట్ట పట్టుకుని, నాకు తెలియకుండానే గొంతు కలిపాను.

విచిత్రం ఏమిటంటే మాది మాంసం ముట్టని ఇల్లు. కోడి సంగతి అలా ఉంచితే, బంగాళదుంప వేపుడు తిందామన్నా వీల్లేదు. జపాన్ మెక్‌డొనాల్డ్స్ వాటిని పామాయిల్లో ఎద్దు కొవ్వు కలిపి వేయిస్తుంది. వచ్చిన కొత్తలోనే ఆ సంగతి తెలిసి దండం పెట్టేశాను. అంటే ఈ ప్రకటనలు నాకు అమ్మగలిగింది ఒక్కటీ లేదు. అయినా మా వీధిలో ఇంత శ్రద్ధగా వాటిని చూసేది నేనే అనుకుంటాను.

ఆ పాట పాడింది తకేఉచి మారియా. పేరు ‘సుతెకినా హాలిడే’, 2001లో వచ్చింది. క్రిస్మస్ ఈసారీ వచ్చేస్తోందని ఆవిడ గొంతు ఎత్తగానే కేఎఫ్‌సీ దుకాణాల ముందు వాళ్ల గుర్తైన తాత కర్నల్ సాండర్స్ బొమ్మకు ఎర్ర కోటు, తెల్ల అంచు టోపీ తొడిగేస్తారు. నిజానికి ఇక్కడ డిసెంబర్ 25 సెలవు దినం కాదు. ఆఫీసులు మామూలుగా నడుస్తాయి. క్రైస్తవులు చాలా తక్కువ. పండుగ లేని చోట ఏం చేయాలో తెలియని జనానికి 1974లో కేఎఫ్‌సీ దేశమంతా ప్రచారం చేసి, చికెన్ తినండి అని చెప్పింది. జనం విన్నారు. ఇప్పుడు ముందే రాయించుకోకపోతే ఆ సాయంత్రం దుకాణం ముందు బారులో నిలబడాల్సిందే. అంతకు ముందు వాళ్ల ప్రకటనల్లో ‘మై ఓల్డ్ కెంటకీ హోమ్’ అనే పాత అమెరికా పాట వచ్చేదట. నా ఓటు మారియాకే.

ఆవిడ భర్త యమషిత తత్సురో. ఆయన ‘క్రిస్మస్ ఈవ్’ పాట 1983లో విడుదలైంది. తర్వాత సెంట్రల్ జపాన్ రైల్వే తన బుల్లెట్ రైలు ప్రకటనకు దాన్ని వాడుకుంది. 1989 నాటి ప్రకటనలో మకిసె రిహో అనే పదిహేడేళ్ల అమ్మాయి నగోయా స్టేషనులో కానుక పొట్లం పట్టుకుని జనంలోంచి పరుగెత్తుకొస్తుంది. ఆ డిసెంబరులోనే ఆరేళ్ల పాత పాట అమ్మకాల్లో మొదటి స్థానానికి ఎక్కింది. మొగుడి పాట రైలెక్కిస్తే పెళ్లాం పాట కోడిని తినిపిస్తోంది. ఒక్క ఇంటివాళ్లు దేశం మొత్తం డిసెంబరును పంచుకున్నారంటే నాకు ఎప్పుడు తలుచుకున్నా నవ్వొస్తుంది. ఇంట్లో ఆ నెలలో రేడియో పెట్టుకుంటారో, కట్టేసుకుంటారో!

ప్రకటన పాటకు ఇక్కడ వయసు ఎక్కువే. 1951లో, టీవీ ప్రసారాలు మొదలవకముందే, మికి తొరిరో అనే సంగీతకారుడు ఒక ఫోటో ఫిల్ము కంపెనీ కోసం రేడియో పాట కట్టాడు. కెమెరా సరదా ఉన్న ఒక అబ్బాయి గోల అది. అందులో కంపెనీ పేరే రాదట. మొదటి ప్రకటన పాటే అంత మర్యాదగా ఉంటే, తర్వాత వచ్చినవి జనం నోట్లో నిలవడంలో ఆశ్చర్యం లేదు.

తారల సంగతి చూస్తే నాకు ఇంకో ఆలోచన వస్తుంది. ఒకప్పుడు స్మాప్ బృందంలో పాడి ఆడి దేశాన్ని ఊపేసిన కిమురా తకుయా మెక్‌డొనాల్డ్స్ ప్రకటనల్లో కనిపించాడు. ‘హన్‌జావా నావొకి’ ధారావాహికలో బ్యాంకు ఉద్యోగిగా పళ్లు కొరికిన సకాయ్ మసాతో ‘సమురాయ్ మాక్’ బర్గరు ప్రకటనల్లో వచ్చాడు. అంతటి వాళ్లు చేసే ఘనకార్యం ఏమిటంటే, నోరు తెరిచి కొరకడం. ఆ కొరికిన చప్పుడు మన చెవి పక్కనే వినిపిస్తుంది. తర్వాత ఒక క్షణం మాట రాని ముఖం, అయిపోయింది. మన దగ్గర థమ్సప్ సీసా కోసం చిరంజీవి, ఆయన తర్వాత మహేశ్‌బాబు చేసిన సాహసాలు గుర్తొచ్చాయి. ఎన్టీఆర్ మెక్‌డొనాల్డ్స్ ప్రకటన చేసినప్పుడు మా తమ్ముడు వీడియో పంపించాడు. అందులోనూ ఆయన ఎన్టీఆరే, పక్కనున్నది చికెన్. ఇక్కడ తార తన సంగతి పక్కనపెట్టి, ఆకలేసిన మామూలు మనిషిలా కూర్చోవాలి. ఏది గొప్ప అంటే, సినిమాకు మనది, భోజనానికి వీళ్లది.

పైగా ముఖాలు మారిపోతాయి. కేఎఫ్‌సీ ప్రకటనల్లో కొన్నేళ్లు తకహత మిత్సుకి కనిపించింది, ఆ ముందు వేరొకరు, ఆ తర్వాత ఇంకొకరు. పాట మాత్రం అదే. తారకు జీతమిస్తారు, పాటకు ఉద్యోగం పర్మనెంటు చేస్తారు.

నాకు ఈ ప్రకటనలే పంచాంగం. మెక్‌డొనాల్డ్స్ వాళ్ల ‘త్సుకిమి’ బర్గరు కనిపించిందంటే శరదృతువు. అందులో గుడ్డు చందమామ అన్నమాట, 1991 నుంచి ఏటా వస్తోంది. తెల్ల సాసు కూరిన వేపుడు ముక్క పెట్టే బర్గరు ‘గురకొరొ’ వచ్చిందంటే దుప్పట్లు తీయాలి, అది 1993 నాటిది. వసంతంలో ‘తెరితమ’ అనే గుడ్డు బర్గరు పాట మొదలైతే ఉగాది దగ్గర పడిందని వేపపువ్వు కోసం అమ్మకు ఫోను చేస్తాను. టోక్యోలోని ఈ నిషి కసాయ్‌లో మనవాళ్లు ఇంతమంది ఉన్నా వేపపువ్వు మాత్రం ఊరి నుంచి రావాల్సిందే.

తనిఖీ మనిషి పదకొండున్నరకు వచ్చి, గంట మోగించి, నాలుగుసార్లు వంగి నమస్కరించి వెళ్లిపోయాడు.

సాయంత్రం కింది వీధిలో ఉండే గుంటూరు అబ్బాయి సాంబారు పొడి కోసం వచ్చాడు. భాషా పాఠశాలలో చదువుతూ ఒక బర్గరు దుకాణంలో పని చేస్తాడు. విద్యార్థి వీసా కాబట్టి వారానికి 28 గంటలు దాటకూడదు. పొద్దుటి పాట సంగతి చెబితే నవ్వాడు.

“మీకు పాటలు సరదా అక్కా. మాకు వేపుడు మిషను కూతే పాట. నిద్రలో వినిపించినా లేచి బుట్ట ఎత్తబోతాను.”

ఆ కూతను కూడా మెక్‌డొనాల్డ్స్ వాళ్లు డాన్సు పాటగా మలిచి ప్రకటన చేశారని గుర్తుచేశాను. అతను మాత్రం 2023లో అనో అనే గాయని పాడిన పాటను మెచ్చుకున్నాడు. అది బర్గరు అమ్మడానికి కాదు, అదే సంస్థ పనివాళ్లను చేర్చుకోవడానికి. ఆ దుకాణాల్లో నవ్వుకు ధర సున్నా యెన్లు అన్నది వాళ్ల పాత మాట. ఈ అమ్మాయేమో ఆ నవ్వు నేనివ్వను పొమ్మని పాడింది. నవ్వు రాని వాళ్లు కూడా పనికి రావచ్చన్నమాట.

“నిజంగా నవ్వకపోతే ఊరుకుంటారా?” అన్నాను.

“నాకు నవ్వు ఇబ్బంది కాదక్కా, మర్యాద మాటలే. వాటిలో తప్పు పోతే అప్పుడు నవ్వేస్తాను.”

పోతూ పోతూ గుమ్మంలో ఆగాడు. గదిలో ఉండే కుర్రాళ్లు ముగ్గురూ కలిసి ఇరవై నాలుగో తేదీకి కేఎఫ్‌సీ పార్టీ డబ్బా చెప్పి పెట్టుకున్నారట. అందులో చికెన్, కేకు ఉంటాయి గానీ అన్నం ఉండదు కదా, పులిహోర చేసిపెడతారా అని అడిగాడు. మా పాప వెంటనే తనకూ ఆ కేకులో ముక్క కావాలని బేరం పెట్టింది. సరేనన్నాను. చింతపండు నిండుకుంది, శనివారం ఇండియన్ షాపుకు వెళ్లాలి. ఆవాలు కూడా.