క్లోరెల్లా సీసాల్లో ఒక్కో పోషకం తీసేసి చూస్తున్నా: ఇప్పటిదాకా తేలింది

ప్రస్తుతం నాలుగు సీసాలు నడుస్తున్నాయి, అన్నిట్లోనూ క్లోరెల్లా వల్గారిసే, అంటే ఒకే కణంతో ఉండే పచ్చటి నాచు. ఒకదాంట్లో అన్ని పోషకాలూ ఉన్నాయి, మిగతా మూడింట్లో వరసగా నైట్రోజన్, ఫాస్ఫరస్, ఇనుము లేవు. నాచుకి ఏమేం కావాలో పట్టికలు ఎక్కడైనా దొరుకుతాయి, కానీ అది లేనప్పుడు నాచు ఏం చేస్తుందో కళ్లతో చూడటంలో ఉన్న ఆనందం వేరు.

వాడుతున్నది బోల్డ్స్ బేసల్ మీడియం అనే, నాచు పెంచే పోషక ద్రావణం. లీటరు డిస్టిల్డ్ వాటర్‌కి సోడియం నైట్రేట్ 250 మిల్లీగ్రాములు, మోనోపొటాషియం ఫాస్ఫేట్ 175, డైపొటాషియం ఫాస్ఫేట్ 75, మెగ్నీషియం సల్ఫేట్ 75, కాల్షియం క్లోరైడ్ 25, సోడియం క్లోరైడ్ 25. వీటికి తోడు ఇనుము, బోరాన్, జింక్, మాంగనీస్, రాగి, మాలిబ్డినం, కోబాల్ట్ మరీ కొద్దిగా వెయ్యాలి. అంత తక్కువ తూకం ఇంట్లో కుదరదు కాబట్టి ముందే చిక్కటి ద్రావణాలు చేసి పెట్టుకుని మిల్లీలీటర్ల లెక్కన కలపడమే మంచిది. ఇనుముతో ఈడీటీఏ (దాన్ని నీళ్లలో కరిగి ఉండేలా పట్టి ఉంచే రసాయనం) తప్పనిసరి, లేకపోతే అది అడుగున పేరుకుపోతుంది, నీళ్లలో ఉన్నా నాచుకి అందదు.

నైట్రేట్ తీసేసిన చోట సోడియం క్లోరైడ్, ఫాస్ఫేట్లు తీసేసిన చోట పొటాషియం క్లోరైడ్ వేశాను, లేకపోతే సోడియమో పొటాషియమో కూడా తగ్గిపోయి ఏది లేక ఆగిందో తెలియదు. ఫాస్ఫేట్ పోతే పీహెచ్‌ని పట్టి ఉంచేదీ పోతుంది, అందుకని ఆ సీసా పీహెచ్ తరచుగా చూస్తూ ఉండాలి.

నైట్రోజన్ లేని సీసా తొందరగానే పసుపు రంగులోకి తిరిగింది. క్లోరోఫిల్ తయారీకే నైట్రోజన్ కావాలి, అది దొరక్కపోతే కణం ఉన్న క్లోరోఫిల్‌ని కరిగించుకుని, విభజన ఆపేసి, పిండిపదార్థాన్నీ కొవ్వునీ దాచుకుంటుంది.

అసలు కథ ఫాస్ఫరస్‌ది. అది లేని సీసా మొదట్లో పూర్తి ద్రావణంతో పోటీపడి మరీ పచ్చగా పెరిగింది! అది చూసి క్లోరెల్లాకి ఫాస్ఫరస్ పెద్దగా అక్కర్లేదు అనుకుంటే పొరపాటే. దొరికినప్పుడు అవసరానికి మించి పీల్చుకుని పాలీఫాస్ఫేట్‌గా (ఫాస్ఫేట్ల గొలుసుగా) లోపల నిల్వ చేసుకోవడం దాని అలవాటు, ఆ నిల్వ మీద కణాలు ఇంకొన్నిసార్లు విభజన చెందగలవు. కాబట్టి ఒక్క విడతతో తేల్చెయ్యకూడదు. కొద్దిపాటి నాచు తీసి మళ్లీ ఫాస్ఫరస్ లేని ద్రావణంలోకే మార్చాలి, అది పెరిగాక ఇంకోసారి మార్చాలి. అలా మారుస్తూ వచ్చాకే తేడా బయటపడింది. సీసాలు కడగడం కూడా ముఖ్యమే, కొన్ని డిటర్జెంట్లలో ఫాస్ఫేట్ ఉంటుంది, అందుకే పలచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో తొలిపి (గ్లవ్స్ వేసుకుని) డిస్టిల్డ్ వాటర్‌తో చాలాసార్లు కడుగుతున్నా.

ఇనుము సీసా మందకొడిగా, పాలిపోయి ఉంది. దాన్నీ ఇంకా మార్చాలి, ఇప్పుడే ఏమీ చెప్పను.

క్లోరెల్లాకి విటమిన్లు అక్కర్లేదు, అన్ని నాచులూ అలా కాదు. 2005లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక పరిశీలనలో 326 జాతుల్లో 171 జాతులకి బీ12 బయటి నుంచి అందాల్సిందే అని తేలింది. యూగ్లీనా గ్రాసిలిస్ అనే ఇంకో ఏకకణ నాచుకి బీ12తో పాటు బీ1 కూడా కావాలి. చిక్కేమిటంటే సీసాలో బ్యాక్టీరియా ఉంటే వాటిలో కొన్ని బీ12 తయారుచేసి ఇచ్చేస్తాయి, మనమేమో విటమిన్ లేకుండానే పెరిగింది అనుకుంటాం. బ్యాక్టీరియా లేని శుద్ధమైన కల్చర్ దొరికేదాకా యూగ్లీనా జోలికి వెళ్లను.

తర్వాత పెట్టబోయేది డాఫ్నియా, అంటే నాచు తిని బతికే చిన్న నీటి ప్రాణి. వీటికి స్టెరాల్స్ (కొలెస్ట్రాల్ లాంటి కొవ్వు పదార్థాలు) సొంతంగా తయారుచేసుకోవడం రాదు, తిండిలోంచే రావాలి, అందుకే స్టెరాల్స్ ఉండని సయనోబ్యాక్టీరియా (నీలి-ఆకుపచ్చ నాచు అని పిలిచే బ్యాక్టీరియా) ఒక్కటే పెడితే సరిగా ఎదగవు. ఫాస్ఫరస్ తక్కువైన నాచు తిన్నా వాటి ఎదుగుదల మందగిస్తుంది. కాబట్టి ఫాస్ఫరస్ లేని సీసాలో నాచుని పారబొయ్యడం లేదు. ఒకే వయసు డాఫ్నియా పిల్లల్ని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి ఈ నాచు, ఇంకో గుంపుకి పూర్తి ద్రావణంలో పెరిగిన నాచు, రెండూ ఒకే చిక్కదనంలో పెట్టి, మైక్రోస్కోప్ కింద పొడవు కొలుస్తాను.