డిజిటల్ ప్రెస్‌లో కాగితాన్ని ఎంచుకునే తెర

డిజిటల్ ముద్రణ యంత్రానికి పనిని పంపేటప్పుడు కాగితం సంగతి రెండు విధాలుగా చెప్పవచ్చు. ఏ ట్రేలోంచి తీసుకోవాలో చెప్పడం ఒకటి, ఏ కాగితంపై అచ్చు వేయాలో చెప్పడం మరొకటి. ఎప్పుడూ ఎ4 కాగితమే ఉండే ఆఫీసు ప్రింటరుకు మొదటిది సరిపోతుంది. ఒకే రోజున పుస్తకం లోపలి పేజీలు, దాని అట్ట, శుభలేఖలు, స్టిక్కర్లు వచ్చే ప్రెస్‌లో మాత్రం అది సరిపోదు. మూడో ట్రేలో ఉదయం మ్యాప్‌లిథో (పుస్తకాల లోపలి పేజీలకు వాడే పూత లేని కాగితం) ఉంటే సాయంత్రానికి ఆర్ట్ కార్డ్ (పూత పూసిన మందపు కాగితం) ఉండవచ్చు. నెల క్రితం అచ్చయిన పనిని మళ్లీ వేయమని ఖాతాదారు అడిగినప్పుడు, ట్రే సంఖ్యను మాత్రమే దాచుకున్న ఫైలు ఆ పూట ఆ ట్రేలో ఏముంటే దాని మీదే అచ్చు వేస్తుంది. అందుకే ఆపరేటర్ తెరపై ఎంచుకోవలసింది కాగితాన్నే తప్ప ట్రేను కాదని, ట్రేను వెతుక్కునే బాధ్యత యంత్రానిదేనని నేను గట్టిగా నమ్ముతాను.

కాగితాన్ని యంత్రానికి సరిగా చెప్పడం పైపై వివరం కాదు. టోనర్ యంత్రాల్లో పొడి సిరా కాగితానికి అంటుకోవడానికి వేడి, ఒత్తిడి కావాలి. బరువైన కాగితం ఎక్కువ వేడిని పీల్చుకుంటుంది కాబట్టి యంత్రం దానికి తగినట్టు ఉష్ణోగ్రతనో వేగాన్నో మార్చుకుంటుంది. చదరపు మీటరుకు మూడు వందల గ్రాములు తూగే కార్డును పల్చటి కాగితమని చెబితే టోనర్ సరిగా అంటక, మడత పెట్టిన చోట రాలిపోతుంది. పల్చటి ఆర్ట్ పేపరును మందపు కాగితమని చెబితే అది వేడెక్కి వంకర తిరుగుతుంది, ఒక్కోసారి పొక్కులు కూడా వస్తాయి. పైగా ఈ చదరపు మీటరు బరువు, అంటే జీఎస్‌ఎం, ఒక్కటే చూసి కాగితం మందాన్ని అంచనా వేయలేము. పూత పూసి నునుపు చేసిన 130 జీఎస్‌ఎం ఆర్ట్ పేపరు, పూత లేని 100 జీఎస్‌ఎం మ్యాప్‌లిథో కంటే సాధారణంగా పల్చగానే ఉంటుంది. బరువు, మందం, పూత, కొలత, గ్రెయిన్ దిశ (కాగితం నారలు సాగే దిక్కు), రంగుల ప్రొఫైలు (ఆ కాగితం మీద రంగులు ఎలా రావాలో చెప్పే ఫైలు), రెండు వైపుల అచ్చు ఒకదాని వెనుక ఒకటి కచ్చితంగా పడటానికి చేసిన సర్దుబాటు, ఇవన్నీ కలిస్తేనే యంత్రానికి ఒక కాగితం గురించి పూర్తిగా చెప్పినట్టు.

ఈ వివరాలన్నిటినీ ఒక్క పేరు కింద భద్రపరిచే పట్టికలు చాలాకాలంగా ఉన్నాయి. ప్రెస్‌కు పనులు పంపే ఫైరీ కమాండ్ వర్క్‌స్టేషన్ అనే సాఫ్ట్‌వేర్‌లో పేపర్ కేటలాగ్ అలాంటిదే. ఒకసారి శ్రద్ధగా నమోదు చేస్తే ఆ తరువాత ఆపరేటర్ పేరును ఎంచుకుంటే చాలు, మిగతావన్నీ దాని వెంటే వస్తాయి. కానన్ ప్రెస్‌లను నడిపే ప్రిస్మాసింక్‌లో నాకు బాగా నచ్చేది పనుల షెడ్యూలు. వరుసలో ఉన్న పనులకు ఏ కాగితం ఎప్పుడు అవసరమవుతుందో కాలరేఖ మీద చూపిస్తుంది కాబట్టి, యంత్రం ఆగిపోయాక పరుగెత్తకుండా ముందే రీములు విప్పి సిద్ధం చేసుకోవచ్చు.

కంప్యూటర్లు ప్రింటర్లతో మాట్లాడే ప్రామాణిక పద్ధతి అయిన ఇంటర్నెట్ ప్రింటింగ్ ప్రోటోకాల్, అంటే ఐపీపీ, ఇక్కడ ఒక ముఖ్యమైన విభజన చేసింది. యంత్రానికి తెలిసిన కాగితాలన్నీ ‘మీడియా-కాల్-డేటాబేస్’ అనే జాబితాలో ఉంటాయి. ఈ క్షణాన ట్రేలలో నిజంగా ఉన్నవి ‘మీడియా-కాల్-రెడీ’ అనే మరో జాబితాలో ఉంటాయి. మంచి తెరకు ఈ తేడాయే ప్రాణమని నా అభిప్రాయం. ఎంచుకున్న కాగితం ట్రేలో ఉందా, పట్టికలో మాత్రమే ఉందా అన్నది ఆపరేటర్‌కు పని పంపకముందే ఒక్క చూపులో తెలియాలి. ఎన్నో తెరలు రెండింటినీ ఒకే పొడవాటి జాబితాగా కలిపేసి, తేడాను పని ఆగిపోయిన తరువాత హెచ్చరికగా చెబుతాయి. ఆ హెచ్చరిక రాత్రి పూట, ఎవరూ యంత్రం దగ్గర లేనప్పుడు వస్తే తెల్లవారేసరికి సిద్ధం కావలసిన పని మొత్తం నిలిచిపోతుంది.

కొలతల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఐపీపీలో కొలతలు మిల్లీమీటరులో నూరో వంతుల్లో ఉంటాయి. ఎ4 కాగితం అక్కడ 21000, 29700 అంకెలుగా కనిపిస్తుంది. మన ప్రెస్‌లలో ఎక్కువగా వాడే 12×18 అంగుళాల షీటు 30480, 45720 అవుతుంది, ఐపీపీ వాడే ప్రామాణిక పేర్ల జాబితాలో దాని పేరు ‘ఆర్క్-బి’. ఇవి యంత్రాలు మాట్లాడుకోవడానికి అవసరమే, కానీ వాటిని ఉన్నదున్నట్టు తెర మీదికి తేకూడదు. ఆపరేటర్‌కు కనిపించవలసింది 12×18 అనే.

కాగితం రకాల విషయంలో ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ. ప్రామాణిక జాబితాలో పూత ఉన్న కాగితం, కార్డు, లేబుల్ వంటి సాధారణ రకాలే ఉన్నాయి. మ్యాప్‌లిథో, బాండ్, ఎగ్జిక్యూటివ్ బాండ్ అన్న తేడాలను ఎవరి పట్టికలో వారే నింపుకోవాలి. అక్కడే గందరగోళం మొదలవుతుంది. ఒకరు ‘ఆర్ట్ 300’ అని, మరొకరు ‘300 మ్యాట్ కార్డ్’ అని, ఇంకొకరు ‘అట్ట కొత్తది’ అని ఒకే కాగితాన్ని మూడు చోట్ల నమోదు చేస్తారు. ఒకదానికి సరిచేసిన రంగులు మిగతా రెండింటికీ చేరవు. మిల్లు పేరు, రకం, జీఎస్‌ఎం, కొలత అనే వరుసను ముందే నిర్ణయించుకుని, కొత్త పేరు చేర్చే అధికారాన్ని ఒకరిద్దరికే ఇవ్వడం మంచిది. మిల్లు పేరు తప్పనిసరిగా ఉండాలి. రాజమహేంద్రవరంలో తయారైన మ్యాప్‌లిథోకూ కాగజ్‌నగర్‌లో తయారైన మ్యాప్‌లిథోకూ తెలుపులో, నునుపులో తేడా ఉండవచ్చు. ఒకే పుస్తకంలో రెండూ కలిస్తే చదివేవారికి ఆ తేడా కనిపిస్తుంది.

ఇంత చేసినా, ఈ తెరలు బాగా చిన్నచూపు చూసేది గ్రెయిన్‌ను. డెమ్మీ 1/8 పుస్తకం పేజీ 5.5×8.5 అంగుళాలు, 12×18 షీటు మీద ఒక్కో వైపు నాలుగు పేజీలు పడతాయి, పేజీ పొడవు షీటు పొడవు వెంట వస్తుంది. కాబట్టి కాగితం నారలు షీటు పొడవునా సాగాలి. అడ్డంగా సాగితే పుస్తకం తెరిచినప్పుడు పేజీలు ఒదిగి ఉండవు, అట్ట వెన్ను దగ్గర పగులుతుంది. పట్టికలో గ్రెయిన్‌కు గడి ఉంటుంది, కానీ చాలామంది దాన్ని ఖాళీగా వదిలేస్తారు, ఎందుకంటే నింపినా నింపకపోయినా తెర మీద ఏమీ మారదు. పేజీల అమరికను చూపించే బొమ్మ మీదనే నారల దిశను సన్నని గీతలుగా గీసి, అవి వెన్నుకు అడ్డంగా ఉన్నప్పుడు ఆ బొమ్మ రంగు మారితే, ఆ గడిని ఎవరూ ఖాళీగా వదలరు. దానికి కావలసిన సమాచారమంతా వ్యవస్థలో ఇప్పటికే ఉంది: షీటు కొలత తెలుసు, పేజీల అమరిక తెలుసు, బైండింగ్ ఏ అంచునో తెలుసు. రూపకర్తలు దీన్ని తదుపరి కూర్పులోనైనా చేర్చాలని కోరుతున్నాను.